బేస్తు

“తాతయ్యా, కళావరు ఎవరు?”

దీపావళి రాత్రి, హైదరాబాదు కొత్తగూడలో మా అపార్ట్‌మెంటు కమ్యూనిటీ హాలు. బయట టపాసులు. లోపల ఒక బల్ల, చుట్టూ నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక పేక కట్ట. మా నాన్న ముక్క వేస్తూ “కళావరు రాణి” అన్నారు. పక్కన నిలబడి చూస్తున్న మా అమ్మాయికి అదెవరో మహారాణి పేరులా వినిపించింది. పదకొండేళ్ల పిల్ల. పైగా నాన్న ఆ మాటని పలికే తీరు కూడా అలాగే ఉంటుంది, సంస్థానం గల ఇల్లాలిని పిలిచినట్టు.

నాన్న ముక్క ఎత్తి చూపించారు. “ఇదిగోనమ్మా, మూడాకులూ ఒక కాడా. ఇదీ కళావరు.”

“అది క్లబ్స్ కదా తాతయ్యా.”

“మీకు క్లబ్స్. మా బందర్లో కళావరు.”

ఎదురుగా కూర్చున్న కేరళ అబ్బాయి తల ఎత్తాడు. వాళ్ల ఊళ్లోనూ క్లావర్ అనే అంటారట. మూడో అంతస్తు బెంగాలీ ఆవిడ తన ముక్కలు మూసి పట్టుకుని, తమ వైపు ఈ ముక్కకి పేరు వేరు గానీ ఎర్ర గుండె ముక్కని హొర్తొన్ అంటామని చెప్పింది. “మేం ఆఠీను అంటాం” అన్నారు నాన్న. హొర్తొన్, ఆఠీను. కేరళ అబ్బాయిది ఆడ్యన్. మూడు మాటలూ మూడు రాష్ట్రాల నుంచి వచ్చి ఒకే బల్ల చుట్టూ చేరాయి. పెళ్లింట్లో ఎప్పుడూ చూడని బంధువుల ముఖాల్లో మనింటి ముక్కు కనబడ్డట్టు, ఆ మూడు మాటల్లోనూ ఒక పోలిక కనబడింది నాకు.

వాళ్లు ఆడుతున్నది ఇరవై ఎనిమిది. కేరళ అబ్బాయికి అది పుట్టినప్పటి నుంచీ తెలిసిన ఆట. బెంగాలీ ఆవిడకి ఇరవై తొమ్మిదిగా తెలుసు. ఇందులో రాజుకీ రాణికీ విలువ లేదు. జాకీ అన్నిటికంటే పెద్ద, మూడు పాయింట్లు. దాని తర్వాత తొమ్మిది, రెండు పాయింట్లు. ఆసుకీ పదికీ ఒక్కొక్కటి. ఒక్కో రంగుకి ఏడు, నాలుగు రంగులకీ కలిపి ఇరవై ఎనిమిది. చివరి చుట్టు గెలిచినవాడికి ఇంకొకటి కలిపితే ఇరవై తొమ్మిది. రాజుని పక్కకి నెట్టి జాకీని, తొమ్మిదిని పైన కూర్చోబెట్టే ఈ పద్ధతి మన దేశంలో పుట్టింది కాదు. నెదర్లాండ్స్‌లో ఇప్పటికీ ఇంటింటా ఆడే క్లావర్‌యాస్‌లో తురుపు రంగుకి ఇదే వరస. పేకాటల చరిత్ర రాసినవాళ్లు ఈ ఆటల్ని ఒకే కుటుంబంగా చెబుతారు. ఆ ఆట పేరులోనే క్లావర్ ఉంది, చూడండి. మా నాన్న కళావరు అదే.

ఆ రాత్రి చివరి ఆటలో నాన్న పెద్ద పాట పాడారు. ఎనభై రెండేళ్ల మనిషి, చేతిలో రెండు జాకీలున్నాయన్న ధైర్యం. చెప్పిన లెక్కకి రెండు పాయింట్లు తగ్గాయి. ముక్కలు బల్ల మీద పెట్టేసి, “బేస్తు పడ్డానర్రా” అన్నారు.

ఆ మాట నాకు కొత్త కాదు. ఊహ తెలిసినప్పటి నుంచీ అంటున్నాను. ఆ కబురు విని బేస్తుపోయాం, వాడి జవాబుకి అందరూ బేస్తు పడ్డారు. నోట మాట రాని స్థితికి తెలుగులో ఇంతకంటే సరిగ్గా సరిపోయే మాట లేదనుకునేదాన్ని. కానీ పేకాటలో ఓడిపోతూ ఒక మనిషి ఆ మాట అనడం మొదటిసారి వింటున్నాను. ఇంటికి వచ్చాక అడిగాను. నాన్న చెప్పిన మాటకి నిజంగానే నేను బేస్తు పడ్డాను. బేస్తు ఒక పేకాట పేరు. మా తాత, ఆయన స్నేహితులు బందరులో అరుగు మీద చాప వేసుకుని ఆడేవారట. ఆట ఎత్తుకున్నవాడు తను ఒప్పుకున్నంత గెలవలేకపోతే వాడు బేస్తు. కట్టాల్సిన డబ్బు కట్టి, తలవంచుకుని కూర్చోవాలి. ఆట పేరు అదే, ఆటలో ఓటమి పేరూ అదే.

ఆట పోయింది. మా తరంలో ఆడినవాళ్లెవరూ నాకు తగల్లేదు. ఓటమి మాత్రం భాషలో ఉండిపోయింది.

రెండు రోజుల తర్వాత వంటింట్లో నాన్న మళ్లీ ఆ ఆట గురించే చెబుతున్నారు. మా ఇంట్లో వంట చేసే ఆమెది వికారాబాద్ వైపు ఊరు. పోపు వేస్తూ వింటోంది. బేస్తు, బేస్తు అని నాలుగుసార్లు వినేసరికి, “బేస్తారం ఎల్లుండి గద పెద్దసారూ, గిప్పుడే ఎందుకు యాది చేస్తుండ్రు?” అంది. నాన్నకి అర్థం కాలేదు. ఆమెకి బేస్తారమంటే గురువారం. బృహస్పతివారం నలిగి నలిగి బేస్తవారమై, తెలంగాణ ఇళ్లలో బేస్తారంగా నిలబడింది. మా బందరు వైపు ఆ రోజు లక్ష్మివారం. నలభై ఏళ్లుగా తెలుగు రాస్తున్నాను. ఈ రెండు బేస్తుల్ని పక్కపక్కన పెట్టి ఒక్కసారీ చూడలేదు. ఒకటి దేవగురువు పేరు నుంచి వచ్చింది. రెండోది ఎక్కడి నుంచి వచ్చిందో వెతుకుదామని కూర్చున్నాను. దొరికినదాన్ని బట్టి చూస్తే అది పశువు పేరు నుంచి వచ్చింది.

ఐరోపాలో 17వ శతాబ్దంలో ఒక పేకాట బాగా ఆడేవారు. ఫ్రెంచివాళ్లు దాన్ని లా బేత్ అన్నారు, ఇంగ్లీషువాళ్లు బీస్ట్ అన్నారు. చార్లెస్ కాటన్ 1674లో అచ్చు వేసిన ఆటల పుస్తకంలో అది ఉంది. పేరుకి అర్థం పశువు. ఆటలో ఓడినవాడు పందెం కుప్పలో వేయాల్సిన జరిమానాని కూడా అదే మాటతో పిలిచేవారు. తర్వాతి కాలంలో ఆంబ్ర వంటి పెద్ద ఆటల్లోనూ, పందెం ఎత్తుకుని నెగ్గలేనివాడికి ఆ పేరే పడింది. లాటిన్ బెస్తియా దానికి మూలం. ఫ్రెంచిలో ఆ మాటకి తెలివితక్కువవాడు, మొద్దు అన్న అర్థం కూడా ఉంది. అరుగు మీద కూర్చున్న మనిషి చేతిలోని ముక్కలు తను అనుకున్నట్టు పలక్క, ఏం చేయాలో తోచక, కళ్లు తేలేసి చూస్తాడే, ఆ ముఖానికి మన భాష ఇచ్చిన అర్థం కూడా అదే. ఈ రెండు అర్థాలూ ఒక దగ్గర కలవడం నాకు చాలా ఇష్టంగా ఉంది.

మరి ఎవరి నోటి నుంచి మన నోటికి వచ్చింది? ఇక్కడ నా చెవినే నమ్ముకుంటాను. ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటల్లో మనం ‘స్ట’ పలుకుతాం. పోస్టు, లిస్టు, టెస్టు. ఇంగ్లీషు బీస్ట్ అయితే బీస్టు కావాలి. ఇది బేస్తు, మెత్తటి తకారం. ఫ్రెంచివాళ్లు మధ్యలో ఉన్న సకారాన్ని ఎన్నడో వదిలేసి, దాని గుర్తుగా అచ్చు మీద ఒక చిన్న టోపీ పెట్టుకున్నారు. వాళ్ల నుంచి వస్తే బేతు కావాలి. డచ్చి భాషలో పశువుని బేస్త్ అంటారు. దీర్ఘం దీర్ఘంగా, తకారం తకారంగా. చివర మన ఉకారం చేర్చుకుంటే చాలు, ఇంకేమీ మార్చనక్కర్లేదు.

ఇది ఒక్క మాట అయితే కాకతాళీయమని వదిలేసేదాన్ని. ఆ పేక కట్ట విప్పి చూస్తే ఇంకా ఉన్నాయి. డచ్చిలో గుండె ముక్కలు హార్తెన్. పదం మొదట హకారం జారిపోయి, రేఫా తకారమూ ఒరుసుకుని ఆఠీను అయింది. ఇంగ్లీషు హార్ట్స్ నుంచి వచ్చి ఉంటే చివర ఆ నకారానికి చోటే లేదు. డచ్చిలో మూడాకుల ముక్క క్లావర్. ఇక తురుపు. ఎన్నికలొస్తే పత్రికల్లో ఈ మాట లేని రోజుండదు. ఫలానా నాయకుడి తురుపు ముక్క అంటూ. ఇంగ్లీషు ట్రంప్‌లో ఉన్న మకారం తురుపులో ఏదీ? పంపులో ఉంది, స్టాంపులో ఉంది. మనవాళ్లు సున్నాని అంత తేలిగ్గా పోగొట్టరు. డచ్చిలో ఆ ముక్క త్రూఫ్. ఫకారం మన నోట్లో పకారమై తురుపు అయింది. హిందీలో తురుప్, తమిళంలో తురుప్పు. నాలుగు రంగుల్లో ఇస్పేటూ డైమనూ మాత్రం డచ్చివి కావు. స్కూలు ఇస్కూలైనట్టే స్పేడు ఇస్పేటైంది. సింహళంలో ఈ రెండు కూడా డచ్చివే, ఇస్కోప్ప, రూయిత. 1796 దాకా ఆ దీవి తీరం వాళ్ల చేతిలో ఉంది. బెంగాల్లో ఇస్కాపన్, రూయితన్. అక్కడ హుగ్లీ ఒడ్డున చిన్సురా వాళ్ల స్థావరం. రవీంద్రనాథ్ ఠాగూర్ 1933లో పేకముక్కల దేశం గురించి నాటకం రాస్తే పాత్రలకి ఈ పేర్లే పెట్టారు. బెంగాలీ ఆవిడకి ఆ నాటకం చిన్నప్పుడు బళ్లో వేసిన గుర్తు.

పిల్ల అడిగిన ప్రశ్నకి ఇప్పుడు జవాబు చెప్పగలను. కళావరు అంటే మూడాకుల గడ్డి, పచ్చిక బీళ్లలో పశువులు మేసే మొక్క. ముక్క మీదున్న బొమ్మ అదే. ఇంగ్లీషువాళ్లు ముక్కల బొమ్మలు ఫ్రెంచివాళ్ల దగ్గర తీసుకుని, పేర్లు మాత్రం అంతకుముందు అలవాటైన ఇటలీ, స్పెయిన్ ముక్కలవే ఉంచుకున్నారు. ఆ పాత ముక్కల మీద దుడ్డుకర్రలుండేవి, కత్తులుండేవి. క్లబ్స్ అంటే దుడ్డుకర్రలు. ముక్క మీద చూస్తే కర్ర లేదు, ఆకులున్నాయి. అంటే బందరు అరుగు మీద మా తాత పలికిన పేరు బొమ్మని ఉన్నదున్నట్టు చెబుతోంది. ఈ సంగతి చెప్పినప్పుడు నాన్న చాలాసేపు ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి చూశారు.

మా బందరులో వలందపాలెం ఉంది. చిన్నప్పుడు ఎన్నిసార్లో దాని మీదుగా వెళ్లాను. వలందా అంటే హాలండ్ అని తెలియదు. పక్కనే పరాసుపేట ఫ్రెంచివాళ్లది, ఇంగ్లీషుపాలెం సరేసరి. 1605లో డచ్చి ఓడ బందరు రేవుకి వచ్చింది. మరుసటేడు గోలకొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్‌షా వాళ్లకి వ్యాపారానికి అనుమతిచ్చాడు. హైదరాబాదు కట్టించింది కూడా ఆయనే. బందరు నుంచి పులికాట్ దాకా, పాలకొల్లు, నరసాపురం, ద్రాక్షారామం, భీమునిపట్నం, లోపల ఖమ్మం వైపు నాగులవంచ దాకా వాళ్ల కొట్లు లేచాయి. గోలకొండలోనూ వాళ్ల మనుషులుండేవారు. డేనియల్ హావర్ట్ అనే ఉద్యోగి ఇక్కడ ఏళ్ల తరబడి పనిచేసి, వెళ్లాక 1693లో కోరమాండల్ తీరంలో తమవాళ్ల ఉత్థాన పతనాల మీద పెద్ద పుస్తకం వేశాడు. గోలకొండ కోట మా కొత్తగూడకి పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేదు. మా అమ్మాయి స్కూలు బస్సు అంతకంటే ఎక్కువ దూరమే తిరుగుతుంది.

వాళ్లు వచ్చింది పేకాటకి కాదు, బట్టకి. మలుకు దీవుల్లో జాజికాయకీ లవంగానికీ అక్కడివాళ్లు వెండి కంటే మన తీరపు అద్దకం బట్టనే ఇష్టపడి తీసుకునేవారు. కాబట్టి ముందు ఇక్కడ బట్ట కొనాలి, ఆ బట్టతో అక్కడ మసాలాలు కొనాలి, అవి తీసుకెళ్లి ఐరోపాలో అమ్మాలి. అందుకోసం మన సాలెవాళ్లకి బయానా ఇచ్చి, నేత అయ్యేదాకా, గాలి తిరిగేదాకా రేవులో కాచుకుని ఉండాలి. ఆ ఎదురుచూపు నెలల తరబడి. గుమాస్తాలు, నావికులు, సిపాయిలు, వాళ్ల మాట మనకీ మన మాట వాళ్లకీ చెప్పే దుబాసీలు. సాయంత్రం వేళ చేతిలో పనిలేని ఇన్ని నోళ్లు ఒకచోట చేరితే ఏం జరుగుతుందో ఊహించడానికి చరిత్ర పుస్తకం అక్కర్లేదు, మా కమ్యూనిటీ హాలు చాలు. ఆట నేర్పాలంటే మాట నేర్పక తప్పదు. ఒప్పందాల్లోని డచ్చి మాట ఒక్కటీ మన పల్లెకి చేరినట్టు నాకు కనబడలేదు. ఓడిపోయినప్పుడు అన్న మాట చేరింది.

అప్పటికి మన దగ్గర ముక్కలు లేవని కాదు. గంజీఫా ఉంది. గుండ్రటి ముక్కలు, చేత్తో వేసిన బొమ్మలు. మొగల్ పద్ధతిలో ఎనిమిది రంగులు, తొంభై ఆరు ముక్కలు. దశావతారాల పద్ధతిలో నూట ఇరవై. 1527లో బాబరు ఒక స్నేహితుడికి గంజీఫా పంపినట్టు తన దినచర్యలో రాసుకున్నాడు. నిర్మల్ చిత్రకారులు కూడా ఆ ముక్కలు చేసేవారు. అచ్చులో చవకగా వచ్చిన యాభై రెండు ముక్కల ముందు ఆ చేతిపని నిలవలేకపోయింది. ఆ ముక్కల గురించి వేరే రాయాలి, ఇక్కడ ఇరికిస్తే వాటికి అన్యాయం.

పేక అన్న మాట దగ్గర మాత్రం ఆగకుండా ఉండలేను. కట్టని పేక అనడం ఏ ప్యాక్ నుంచో, డచ్చి పాక్ నుంచో వచ్చి ఉంటుంది. కానీ సాలెవాడికి పేక అంటే అడ్డపోగు. పడుగులోకి అటూ ఇటూ తిరిగి బట్టని బట్టగా చేసేది. ఆసు అంటే మనకి ఒంటి ముక్క, పోచంపల్లి మగ్గం ఇంట్లో నూలు తోడే ఆసు. మా అమ్మ ఇంట్లో ఊపిరాడకుండా తిరిగిన రోజున ఆసులో కండెలా తిరిగానే అనేది. రెండు భాషల నుంచి రెండు దారుల్లో వచ్చిన మాటలు మన నోట్లో ఒకే రూపంలో కుదురుకున్నాయి. బట్ట కోసం వచ్చినవాడు ఆడిన ఆటకి, ఆ బట్టలోని పోగుకీ ఒకే పేరు పడింది. ఇది కేవలం శబ్దసామ్యమే. అయినా నాకు ఆ రేవు, ఆ మగ్గం, ఆ అరుగు అన్నీ ఒకే చోట కనబడతాయి ఈ మాటలో.

పేకాట గురించి ఇంత ప్రేమగా రాస్తున్నందుకు కొందరికి కష్టంగా ఉంటుందని తెలుసు. పేకాటరాయుడు అన్న మాట మన భాషలో ఊరికే పుట్టలేదు. పొలం పోయిన ఇళ్లు, పుస్తెలు తాకట్టుకి వెళ్లిన ఇళ్లు మా బంధువుల్లోనే ఉన్నాయి. గురజాడ కన్యాశుల్కంలో మధురవాణి ఇంట్లో పేకాట నడిపించారు. అక్కడ ముక్కలతో పాటు మనుషుల గుట్లూ బయటపడతాయి. డబ్బుతో ఆడే ఆట మీద నాకు గౌరవం లేదు. నేను దాచుకోమంటున్నది మాటల్ని.

అవే పోతున్నాయి. ఎందుకంటే ఆటలన్నీ పోయి ఒక్క రమ్మీ మిగిలింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967 నవంబరులో, రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని చెప్పింది. ఏ ముక్క పడిందో గుర్తుపెట్టుకోవాలి, దేన్ని ఉంచుకోవాలో దేన్ని పారేయాలో తెలియాలి అని కారణం చెప్పింది. యాభై ఏళ్ల తర్వాత అదే ఆట ఫోన్లలోకి వచ్చి, జీతం పడిన రాత్రే ఖాళీ చేసే స్థితి తెచ్చింది. 2017లో తెలంగాణ దాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపుతూ చట్టం చేసింది. మంచి పనే. రమ్మీలో తురుపు లేదు, పాట లేదు, బేస్తు లేదు. జోకరు, సీక్వెన్సు, డ్రాప్, షో. ఫోను తెర మీద ఆడినవాడికి ఎదుటివాడి ముఖం లేదు, ముక్క పేరు పైకి పలకాల్సిన అవసరమే లేదు. నాలుగు వందల ఏళ్లు నోటి నుంచి నోటికి వచ్చిన కళావరు అక్కడ ఆగిపోతుంది. పోగొట్టింది చట్టమూ కాదు, ఇంగ్లీషూ కాదు. పలికే సందర్భం లేకపోవడం.

1825లో డచ్చివాళ్లు ఈ తీరాన్ని ఆంగ్లేయులకి అప్పగించి పూర్తిగా వెళ్లిపోయారు. భీమిలిలో, బందరులో సమాధి రాళ్లున్నాయి, వాటి మీద కుటుంబ చిహ్నాలున్నాయి. ఆ రాళ్ల దగ్గర నిలబడ్డప్పుడు నాకు పరాయివాళ్ల శ్మశానంలో ఉన్నట్టే అనిపించింది. నాన్న నోటి వెంట ఆఠీను విన్నప్పుడు అలా అనిపించలేదు. అది మా ఇంటి మాట.

మా ఊరి పేరుని కూడా ఈ మధ్య అలాగే చూస్తున్నాను. కొత్తగూడ, కొత్తగా వెలసిన చిన్న గూడెం. గుడిసెలు ఎప్పుడో పోయాయి. బొటానికల్ గార్డెన్ చెట్లు, దాని పక్కనుంచి 2023 జనవరి 1న తెరిచిన ఫ్లైఓవరు, ఆ పైన రాత్రింబవళ్లు ఆగని కార్లు. ఆ పేరుని రోజూ క్యాబ్ డ్రైవరుకి చెప్పే వేలమందిలో గూడ అంటే ఏమిటో తెలిసినవాళ్లు కొందరే ఉంటారు. అయినా పేరు పని చేస్తూనే ఉంది. ఇల్లు చేరుస్తూనే ఉంది.

నాన్న ఇప్పుడు పిల్లకి బేస్తు నేర్పుతున్నారు. కొన్ని నియమాలు మరచిపోయారు. గుర్తు రానప్పుడు కళ్లు మూసుకుని, వాళ్ల నాన్న గొంతుని వింటున్నట్టు కూర్చుంటారు. ఒక్కోసారి గుర్తొస్తుంది. డబ్బుకి బదులు చింతగింజలు. మూడో చేయిగా బెంగాలీ ఆవిడ కొడుకు వస్తాడు, వాడికి తొమ్మిదేళ్లు. వాడు హొర్తొన్ అంటాడు, ఇది ఆఠీను అంటుంది, ఇద్దరికీ ఏ ముక్కో తెలుస్తుంది. వారంలో ఒక్క సాయంత్రమే కుదురుతుంది, ట్యూషన్ లేని రోజు. ఆ రోజు వంటామె టీ గ్లాసు నాన్న ముందు పెట్టి, బల్ల మీది కాగితాలు పక్కకి జరుపుతుంది.

“బేస్తారమొచ్చింది పెద్దసారూ. ముక్కలు తియ్యుండ్రి.”